నీటికి నీడ

వేసవికాలము. మధ్యాహ్నము రెండు గంటల వేళ. కర్నూలు జిల్లా పడమటి భాగమున, ఆదోని, ఎమ్మిగనూరు పట్టణముల ప్రాంతమున నున్న మాధవరము గ్రామములో వీథులు నిర్మానుష్యముగా నుండును. నల్లరేగడి నేలలు బీటలు వారియుండును. పత్తి ఏరిన చేలలో ఎండుకట్టెలు మాత్రమే నిలిచియుండును. ఆ వేళ ఏ ఇంటికి పోయి దాహమడిగినను, ఇంటివారు వసారాలో నీడపట్టున ఇసుకపై నుంచిన కుండలోనుండి నీరు ముంచి యిత్తురు. ఆ నీరు త్రాగినవారికి ప్రాణము లేచివచ్చును. అదే ఇంటి పెరటిలో, ఎండలో మరచిపోయిన బకెట్టులోని నీటిలో వేలు ముంచినచో చురుక్కుమనును. రెండును ఒకే బావి నీరే. ఒకే ఉదయమున తోడిన నీరే. ఒకటి చల్లబడుటకును, వేరొకటి కాగిపోవుటకును కారణమేమి?

విద్యార్థులారా! ఈ ప్రశ్న దాహము తీర్చుకొనుటకు మాత్రమే సంబంధించినది కాదు. పెరటిలో ఒక తొట్టి కట్టి, అందులో చేపలను, దాని ప్రక్కన కూరమొక్కలను కలిపి పెంచదలచిన వారికి ఇది ప్రాణులను కాపాడు ప్రశ్న. ఈ విధమైన పెంపకమునకు ఆక్వాపోనిక్స్ అని పేరు. మట్టి లేకుండ, చేపల తొట్టిలోని నీటితోనే మొక్కలను పెంచుట దీని పద్ధతి. చేపలును పైరును ఒక్క నీటిలో పెరుగుట లోకమునకు క్రొత్త గాదు. చైనా దేశములో వరిమళ్ళలో చేపలను పెంచు ఆచారము చిరకాలమునుండి కలదు; మన దేశమున అరుణాచల ప్రదేశములోని అపతానీల లోయలోను ఆ ఆచారము కలదు. అయినను తొట్టి, కంకర, పంపు అను మూడింటితో ఇంటిపట్టున చేయదగిన పద్ధతి ఇరువదవ శతాబ్దపు చివరి భాగమున రూపొందినది. అమెరికాకు చెందిన వర్జిన్ దీవుల విశ్వవిద్యాలయమున జేమ్స్ రాకొసీ అను శాస్త్రజ్ఞుడు 1980వ దశకమునుండి దీనిపై విస్తారముగా పరిశోధనలు జరిపెను. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2014లో చిన్న తరహా పెంపకమును గూర్చి ఒక గ్రంథమును ప్రకటించెను.

ఈ ఏర్పాటులో ముగ్గురు భాగస్వాములు కలరు. మొదటివారు చేపలు. ఇవి మేతను తిని, అమ్మోనియా అను విషపదార్థమును నీటిలోనికి విడుచును. రెండవవారు కంటికి కనబడని సూక్ష్మజీవులు. ఇవి కంకరరాళ్ళను అంటిపెట్టుకొని యుండి, అమ్మోనియాను మొదట నైట్రైటుగను, పిమ్మట నైట్రేటుగను మార్చును. నేలలో ఈ పని చేయు సూక్ష్మజీవులను 1890 ప్రాంతమున వినోగ్రాద్స్కీ అను రష్యా శాస్త్రజ్ఞుడు వేరుచేసి చూపెను. మూడవవారు మొక్కలు. ఇవి నైట్రేటును ఎరువుగా పీల్చుకొని, నీటిని శుభ్రపరచి తిరిగి చేపలకు అప్పగించును. పంపు ఆ నీటిని చేపల తొట్టినుండి కంకర మడికి ఎక్కించును; మడినుండి నీరు తనంతట తాను తొట్టిలోనికి జారును. ముగ్గురిలో ఏ ఒక్కరు కుంటువడినను తక్కిన యిద్దరును నిలువజాలరు.

ఈ ముగ్గురికిని సమ్మతమైన వెచ్చదనము ఒక్కటి కాదు. శీలావతి, బొచ్చె వంటి మన చేపలకు గోరువెచ్చని నీరు ప్రియము. పాలకూర వంటి మొక్కల వేళ్ళకు అంతకంటె చల్లని నీరు హితము. సూక్ష్మజీవులు సుమారు 17 డిగ్రీల సెల్సియస్ నుండి 34 డిగ్రీల వరకు చురుకుగా పనిచేయును. అందుచేత అందరికిని సరిపడు మధ్యస్థమార్గముగా 18 నుండి 30 డిగ్రీల వరకు నుండు నీటిని మేలైనదిగా ఎంచుదురు. మన పడమటి కర్నూలు సీమలో ఏప్రిల్, మే నెలలయందు గాలి వేడిమి 40 డిగ్రీలు దాటుట అపూర్వమేమియు గాదు. ఎండలో నున్న తొట్టినీరు 30 డిగ్రీల హద్దును సులభముగా మీరిపోవును.

నీరు వేడెక్కినచో చేపకు కలుగు బాధ ఏమి? కాలిన చర్మము వంటి బాధ కాదు. అది ఊపిరాడని బాధ. నీటిలో కరగియున్న ప్రాణవాయువును చేప మొప్పలతో గ్రహించును. చల్లని నీటిలో ఎక్కువ ప్రాణవాయువు కరగును. వేడినీటిలో తక్కువ కరగును. సముద్రమట్టమున 20 డిగ్రీల వేడిమి గల మంచినీటిలో లీటరుకు సుమారు 9.1 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగియుండగలదు. 30 డిగ్రీల నీటిలో 7.6 మిల్లీగ్రాములు మాత్రమే యుండగలదు. 35 డిగ్రీల నీటిలో సుమారు 7 మిల్లీగ్రాములకు దిగును. ఇంతటితో పోదు. చేప శీతల రక్తము గల ప్రాణి. నీటి వేడిమి పెరిగిన కొలదియు దాని దేహములోని వ్యాపారము వేగమగును. ఇంచుమించుగా పది డిగ్రీలు పెరిగినచో దానికి కావలసిన ప్రాణవాయువు రెట్టింపగును. దొరకునది తగ్గుచుండ, కావలసినది పెరుగుచుండును. కరవునాట ధాన్యము తగ్గి, ఇంట ఆకలి పెరిగినట్లు, చేపకు ఇరువైపుల నుండియు ఇరుకు కలుగును.

వేడిమి వలన మరియొక కీడు కలదు. చేపలు విడుచు అమ్మోనియాలో కొంతభాగము మాత్రమే తీవ్రమైన విషరూపమున నుండును. తక్కినది అంతగా హాని చేయని రూపమున నుండును. నీరు క్షారముగా నున్నకొలదియు, వేడిగా నున్నకొలదియు విషభాగము పెరుగును. పి.హెచ్. విలువ 8 గల నీటిలో 20 డిగ్రీల యొద్ద విషభాగము నూటికి నాలుగు పాళ్ళకు మించదు. 30 డిగ్రీల యొద్ద నూటికి ఏడున్నర పాళ్ళగును. అనగా నీటిలోని మొత్తము అమ్మోనియా పెరుగకున్నను, వేడిమి చేతనే విషము దాదాపు రెట్టింపైనదన్న మాట.

కొందరు, “కొర్రమీనును పెంచినచో ఈ బాధ లేదు గదా! అది నీటిపైకి వచ్చి గాలిని పీల్చుకొనును” అని యందురు. ఈ మాటలో సగము నిజము కలదు. కొర్రమీను గాలిని పీల్చగల చేప, అల్పజలములలోను బ్రదుకగలదు. కాని కంకరలోని సూక్ష్మజీవులకు పైకి వచ్చి గాలి పీల్చు శక్తి లేదు. వానికిని నీటిలోని ప్రాణవాయువే ఆధారము. శీలావతి చేప కష్టము కలిగినపుడు తెల్లవారుజామున నీటిపైకి వచ్చి నోరు తెరచి మనకు హెచ్చరిక చేయును. కొర్రమీను అట్టి హెచ్చరిక చేయదు. చేప బాగుగనే యున్నదని యజమాని నిశ్చింతగా నుండగా, లోపల సూక్ష్మజీవులు నశించి, అమ్మోనియా పేరుకొనిపోవును. బలమైన చేపను ఎన్నుకొన్నంత మాత్రమున నీటిని గమనించు పని తప్పదు.

ఇక ఉపాయము లాలోచింతము. మాధవరములో ఒక ఇంటి పెరటిలో రెండు మీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పు, అర మీటరు లోతు గల తొట్టి కట్టితిమని ఊహింతము. అందులో వేయి లీటర్ల నీరు పట్టును. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు ఒక కిలోకేలరీ ఉష్ణము కావలెను. నడినెత్తి సూర్యుడు తీక్ష్ణముగా కాయునపుడు ఒక చదరపు మీటరు చోటున గంటకు సుమారు 860 కిలోకేలరీల ఉష్ణము పడును. మన తొట్టి పైభాగము రెండు చదరపు మీటర్లు. అనగా గంటకు 1,720 కిలోకేలరీలు. అదంతయు నీటిలోనికి పోయినచో, గంటకు 1.7 డిగ్రీల చొప్పున నీరు వేడెక్కును. తొట్టి లోతును రెట్టింపుచేసి, అంతే పైభాగముతో రెండువేల లీటర్లు పట్టునట్లు కట్టినచో, అదే ఎండకు వేడిమి గంటకు 0.9 డిగ్రీ కంటె తక్కువగనే పెరుగును. కావున వెడల్పైన లోతులేని తొట్టి కంటె లోతైన తొట్టియే మేలు. చిన్న డ్రమ్ములో చేపలు వేడికి తాళలేక చచ్చునపుడు, పెద్ద తొట్టిలోని చేపలు బ్రదికియుండుటకు ఇదియే కారణము. నీరు ఎక్కువగా నున్నచోట వేడిమి మెల్లగా ఎక్కి, మెల్లగా దిగును.

వేడెక్కిన నీటిని చల్లబరచుటకు అందరికిని మొదట తోచునది మంచుగడ్డ. దాని బలమెంతయో లెక్కింతము. వేయి లీటర్లను ఐదు డిగ్రీలు చల్లబరచుటకు ఐదువేల కిలోకేలరీల ఉష్ణమును తొలగింపవలెను. ఒక కిలో మంచు కరగునపుడు 80 కిలోకేలరీలను పీల్చును. కరగిన నీరు 30 డిగ్రీలకు వచ్చులోపల మరి 30 కిలోకేలరీలను పీల్చును. అనగా మనకు ఇంచుమించు 45 కిలోల మంచు కావలెను. దినదినమును అంత మంచును కొని తెచ్చుట సామాన్యులకు సాధ్యముకాదు. సాధ్యమైనను అది చేపలకు క్షేమము గాదు. మంచు పడినచోట నీరు ఒక్కుమ్మడిగా చల్లబడును. చేప దేహము ఆ మార్పును ఓర్వలేదు. నీటి వేడిమి ఏ దిక్కునకు మారినను, గంటకు ఒకటి రెండు డిగ్రీలకు మించి మారకుండునట్లు చూచుకొనవలెను.

ఇప్పుడు వసారాలోని కుండను జ్ఞాపకము చేసికొందము. కుండ గోడలోని సన్నని రంధ్రముల ద్వారా నీరు బయటికి ఊరును. ఊరిన నీరు ఆవిరియగుటకు ఉష్ణము కావలెను. ఆ ఉష్ణమును కుండలోని నీటినుండియే అది గ్రహించును. ఇట్లు పదార్థము స్థితి మారునపుడు వేడిమి పెరుగకుండగనే లోనికి పోవు ఉష్ణమునకు గుప్తోష్ణమని పేరు. స్కాట్లండు దేశమున జోసెఫ్ బ్లాక్ అను శాస్త్రజ్ఞుడు 18వ శతాబ్దమున దీనిని కనుగొనెను. సాధారణమైన వేడిమిలో ఒక లీటరు నీరు ఆవిరియగుటకు సుమారు 580 కిలోకేలరీలు కావలెను. పైని చెప్పిన ఐదువేల కిలోకేలరీలను తొలగించుటకు తొమ్మిది లీటర్ల కంటె తక్కువ నీరు ఆవిరియైన చాలును. 45 కిలోల మంచు చేయు పనిని తొమ్మిది లీటర్ల నీరు చేయునన్న మాట! మన పెద్దలు కుండకు తడిగుడ్డ చుట్టుటలో ఎంతటి విజ్ఞానము ఇమిడియున్నదో చూడుడు.

ఈ ఉపాయము ఫలించుటకు గాలి పొడిగా నుండవలెను. సముద్రతీరమున గాలి తేమతో నిండియుండుటచేత కుండ అంతగా చల్లబడదు. గాలి 35 డిగ్రీలుండి తేమ నూటికి 60 పాళ్ళున్నచో, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 28 డిగ్రీల యొద్దనే నిలుచును. ఆదోని సీమలో వలె గాలి 40 డిగ్రీలుండి తేమ 20 పాళ్ళు మాత్రమే యున్నచో, అదే థర్మామీటరు 22 డిగ్రీల దాపునకు దిగును. వేడి ఎక్కువైన చోటనే చల్లబరచు శక్తియు ఎక్కువగా నుండుట ఒక వింత. తొట్టి చుట్టును తడి గోనెపట్టాలు చుట్టుట, మడినుండి జారు నీటిని సన్నని ధారలుగా నీడలో పడనిచ్చుట, ఈ శక్తిని వాడుకొను మార్గములు. ధారగా పడు నీటిలో గాలి కలియుటచేత ప్రాణవాయువును పెరుగును.

కాని విద్యార్థులారా! ఇచట ఒక్క నిమిషము ఆగి ఆలోచింపవలెను. ఆవిరియై పోయిన నీరు ఎవరిది? వేసవి దినమున మన తొట్టిపై పడు మొత్తము ఉష్ణము సుమారు పదివేల కిలోకేలరీలు. దానినంతయు ఆవిరి ద్వారముననే పోగొట్టవలెనన్న, దినమునకు 17 లీటర్ల నీరు ఖర్చగును. అది ఒక పెద్ద బిందెడు నీరు. తొంబది దినముల వేసవిలో 1,500 లీటర్లు దాటును. అనగా తొట్టి ఒకటిన్నర మారులు నిండునంత నీరు గాలిలో కలిసిపోవును. తుంగభద్ర దగ్గరనే యున్నను, పడమటి కర్నూలులో నీరు చవుకయైన వస్తువు గాదు. 1953లో తుంగభద్ర జలాశయము పూర్తియైన పిదప దిగువ కాలువ ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములకు నీరు తెచ్చినది. అయినను కాలువ ఏడాది పొడుగున పారదు. 2024 ఆగస్టు నెలలో ఆ జలాశయపు 19వ గేటు కొట్టుకొనిపోయినపుడు, నీటిని నమ్ముకొన్న రైతులందరును కలవరపడిరి. వానలు తప్పిన ఏడు ఈ సీమ కుటుంబములు పిల్లాపాపలతో పనులు వెదకుకొనుచు దూరదేశములకు వలసపోవుట అందరెరిగినదే. బిందె నెత్తిన పెట్టుకొని నడచు తల్లికి ఆ బిందె బరువు తెలియును. ఆమె మోసి తెచ్చిన నీటిని చేపల చల్లదనమునకై గాలికి ఇచ్చుట తగునా?

ఆవిరివలన మరియొక చిక్కు కలదు. నీరు మాత్రమే ఆవిరియై పోవును. అందులోని లవణములు తొట్టిలోనే నిలిచియుండును. ఉప్పదనము గల బోరునీటిని దినదినమును పోయుచుండినచో లవణములు పేరుకొని మొక్కల వేళ్ళకు హాని చేయును.

కావున మొదటి సూత్రము ఇది: వేడెక్కిన నీటిని చల్లబరచుటకంటె, నీరు వేడెక్కకుండ కాపాడుట మేలు. ఆవిరికి నీరు కావలెను. నీడకు నీరు అక్కరలేదు. తొట్టిపైన నాలుగు గుంజలు పాతి, జొన్నసొప్పతో దట్టముగా పందిరి వేసినచో, నీటిపై పడవలసిన ఎండలో అధికభాగమును ఆ సొప్పయే అడ్డగించును. పందిరికిని నీటికిని నడుమ గాలి ఆడునంత ఎడముండవలెను. పడమటి దిక్కున సాయంకాలపు ఎండ వాలుగా పడును గనుక, ఆ వైపున దడి కట్టవలెను. తొట్టి బయటి గోడలకు తెల్లసున్నము పూసినచో ఎండ తిరుగగొట్టబడును. లోపలి గోడలకు మాత్రము పచ్చిసున్నము తగులరాదు. అది నీటిని క్షారముచేసి చేపలను చంపును. నల్లగొట్టములు ఎండలో పడియున్నచో అందలి నీరు కాగిపోవును. వానిని నీడలోనికి మార్చుటయో, మట్టిలో కప్పుటయో చేయవలెను.

రెండవ ఉపాయమును మన సీమ ఇండ్లే బోధించుచున్నవి. రాయలసీమ మట్టిమిద్దెలను మీరందరు చూచియుందురు. మందమైన గోడలును, పైన మట్టి పరచిన కప్పును కలిగి, అవి పగటి వేడిని తొందరగా లోనికి రానీయవు. నేలయు అట్టిదే. భూమిపైన వేడిమి ఎంతగా మారినను, ఒకటి రెండు మీటర్ల లోతున అది ఆ ఊరి సంవత్సరపు సగటు వేడిమికి దగ్గరగా నిలుచును. అందుచేత తొట్టిలో సగమైనను నేలలోనికి దించి కట్టుట లాభకరము. అయితే నల్లరేగడి వానకు ఉబ్బును, ఎండకు ముడుచుకొనును. నేరుగా రేగడిలో కట్టిన గోడ పగులును. గోతిని వెడల్పుగా త్రవ్వి, తొట్టి క్రిందను చుట్టును గరుసు నింపి దట్టించి, పిదప గోడ కట్టవలెను.

మూడవ ఉపాయము కాలమును ఎరిగి నడచుకొనుట. కంకర మడి ఎండలో నున్నచో, మధ్యాహ్నము దానిపై పారిన నీరు కాగిన రాళ్ళ వేడిని తీసికొని చేపల తొట్టిలోనికి చేరును. అదే నీటిని రాత్రివేళ పారించినచో, రాళ్ళును ఆకాశమును దానిని చల్లబరచును. పొడిగాలి గల నిర్మలమైన రాత్రులలో నేలయు నీరును తమ వేడిని ఆకాశమునకు విడిచిపెట్టును. కావున వేసవిలో పగలు తొట్టికి మూత, రాత్రి తెరపు అను నియమమును పాటింపవలెను. పిల్లులు చొరకుండ రాత్రి వల పరచిన చాలును. మధ్యాహ్నము మడికి పారు నీటిని తగ్గించి, రాత్రియు తెల్లవారుజామునను హెచ్చుగా పారింపవలెను. మడికి నీరు తగ్గించినంత మాత్రమున చేపలకు గాలి తగ్గింపరాదు. గాలి పంపు రేయింబవళ్ళు నడువవలెను. విద్యుత్తు పోయినపుడు చెంబుతో నీటిని ముంచి, ఎత్తునుండి ధారగా తిరిగి పోయుచుండినను కొంత ప్రాణవాయువు కలియును.

నాల్గవది, మేత విషయము. అతిథికి వడ్డించినట్లు చేపలకు వేళ తప్పక కడుపునిండ మేత వేయుట ప్రేమయని కొందరు తలతురు. మిక్కిలి వేడిగా నున్న దినములలో అది ప్రేమ గాదు. మేత అరుగుటకు ప్రాణవాయువు కావలెను; అరిగిన మేత అమ్మోనియాగా మారును; మిగిలిన మేత కుళ్ళి నీటిని చెరచును. ఎండ ముదిరిన దినములలో ఉదయమున కొలదిగా వేసి చాలింపవలెను. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరచుచున్న దినమున మేత పూర్తిగా మానవలెను. మొక్కలలో గూడ బచ్చలి, తోటకూర, గోంగూర వంటివి వేడిని తాళును. పాలకూర, కొత్తిమీరలను చలికాలమునకు ఉంచుకొనవలెను. ఋతువునకు తగిన మొక్కను నాటినచో, నీటితో మనము చేయవలసిన పోరాటము సగము తగ్గును.

ఇన్ని చేసినను నీరు హద్దు దాటిన దినమున ఏమి చేయవలెను? అప్పుడే ఆవిరి ఉపాయమును వెలికి తీయవలెను. తడి గోనెపట్టాలు చుట్టి, ధారలను పెంచవలెను. ముందునాడు తొట్టెలో పట్టి నీడలో నిలవయుంచిన నీటిని కొంచెము కొంచెముగా కలుపవలెను. బోరునుండి వచ్చిన నీటిలో ప్రాణవాయువు తక్కువగా నుండవచ్చును. కుళాయి నీటిలో క్లోరిన్ ఉండవచ్చును. అందుచేత ఆ నీటిని వెంటనే పోయక, గాలి తగులునట్లు నిలువయుంచి వాడవలెను. నీడచేత దినదినమును మిగిలిన బిందెడు నీరు ఇట్టి ఆపద దినమునకు అక్కరకు వచ్చును.

వేసవి గడచినంత మాత్రమున పని ముగియదు. డిసెంబరు, జనవరి రాత్రులలో నీరు చల్లబడి, సూక్ష్మజీవులు మందగించును. చేపలు మేత ముట్టవు. అప్పుడు నియమము తలక్రిందులగును: పగలు తెరపు, రాత్రి మూత. సొప్ప పందిరిని పలుచబరచి, పగటి ఎండను నీటిపై పడనిచ్చి, సాయంకాలము గోనెపట్టాలతో కప్పవలెను. శీతలదేశములవారు ఈ గుణమునే మరియొక రీతిగా వాడుకొనిరి. 1969లో స్థాపింపబడి, అమెరికా ఈశాన్యతీరమున పనిచేసిన న్యూ ఆల్కెమీ సంస్థవారు, గాజుకప్పు గల పచ్చికూరల ఇంటిలో పెద్ద పెద్ద నీటితొట్లు నిలిపి, వానిలో చేపలను పెంచిరి. పగలు ఆ నీరు ఎండను త్రాగి, రాత్రి ఆ వెచ్చదనమును మొక్కలకు ఇచ్చెడిది. వారికి ఎండ చుట్టము; మనకు వేసవి ఎండ శత్రువు. కాని నీటి స్వభావము మాత్రము ఎచటనైనను ఒక్కటే: మెల్లగా పుచ్చుకొని, మెల్లగా ఇచ్చుట.

ఇంతయు తెలిసినను, కొలుచుట తెలియనిచో ఫలములేదు. గాలి వేడిమిని బట్టి నీటి వేడిమిని ఊహింపరాదు. ఒక థర్మామీటరును తీగకు కట్టి తొట్టి నడిలోతునకు దించి, ఉదయము ఆరు గంటలకును, మధ్యాహ్నము మూడు గంటలకును, సూర్యాస్తమయమునను చూచి, పుస్తకములో వ్రాసికొనవలెను. నడిమింట సూర్యుడున్నపుడు నీరు అత్యధికముగా వేడెక్కునని మన మనుకొందుము. వ్రాసి చూచినచో, నీరు మిక్కిలి వేడెక్కునది మధ్యాహ్నము దాటి ప్రొద్దువాలు వేళయని తెలియును. చేపలకు ఊపిరాడని గడియయు మధ్యాహ్నము గాదు, తెల్లవారుజాము. నీటిలోని పాచి పగలు వెలుతురులో ప్రాణవాయువును ఇచ్చి, రాత్రియంతయు తానును దానిని పీల్చుకొనుటయే దీనికి కారణము. కంటికి తోచినదానికిని, కొలిచి చూచినదానికిని ఇంత భేదముండును. నెలదినములు విసుగులేక వ్రాసిన బాలుడు గాని బాలిక గాని తమ తొట్టిని గూర్చి పెద్దలకు చెప్పగలవారగుదురు.

తొట్టిలోని చేప తన ఇష్టము చేత అచటికి వచ్చినది గాదు. ఏటిలోని చేపకు నీరు వేడెక్కినచో లోతైన మడుగునకు పోవు స్వేచ్ఛ కలదు. ఒడ్డున చెట్టునీడకు చేరు దారి కలదు. తొట్టిలోని చేపకు ఆ దారిని మనము మూసితిమి. కావున ఆ మడుగును, ఆ నీడను మనమే సమకూర్పవలసి యున్నది. లోతైన తొట్టి మనము ఇచ్చు మడుగు. జొన్నసొప్ప పందిరి మనము ఇచ్చు చెట్టునీడ. ప్రాణిని ఇంటికి తెచ్చుకొన్నవాడు దాని ఊపిరికి పూచీపడినవాడు.

పందిరి వేయుటకు ధనము అక్కరలేదు. కోతలైన పిమ్మట ఒక మోపు సొప్పను పశువుల మేతలోనుండి మిగిల్చి, వేసవి రాకముందే గుంజలు పాతి కప్పవలెను. ముందుచూపు లేక వేసవి నడుమ మంచుకై పరుగెత్తువాడు ధనమును, చేపలను, ఇంటివారు మోసి తెచ్చిన నీటిని కూడ పోగొట్టుకొనును. మాఘమాసమున వేసిన నీడ వైశాఖమున ప్రాణములను కాపాడును.